మా ఇంట్లో బొబ్బిలి యుద్ధం

మా పుట్టిల్లు విజయనగరం. మెట్టినిల్లు బొబ్బిలి. ఈ రెండు ముక్కలూ చెబితే చాలు, మా వైపు వాళ్ళెవరైనా నవ్వేస్తారు. పెళ్ళిచూపులనాడు మా పెద్ద మావయ్య వూరుకోలేక, "బొబ్బిలి సంబంధమా? అయితే మనవాళ్ళు గుడారాల్లో పడుకోకుండా చూసుకోవాలి మరి" అన్నాడు. మా నాన్నగారి మొహం పాలిపోయింది. ఎదురుగా కూర్చున్న మా మావగారు కాఫీ గ్లాసు నింపాదిగా కింద పెట్టి, "ఈసారి మధ్యన ఫ్రెంచివాళ్ళు లేరు లెండి. మనలో మనం సర్దుకోవచ్చు" అన్నారు. సంబంధం అక్కడే ఖాయమైపోయింది.

తెలియనివారుంటారేమో, రెండు మాటల్లో చెబుతాను. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో బొబ్బిలి మట్టికోట మీద పడ్డాడు. అతని పక్కన విజయనగరం ప్రభువు పెదవిజయరామరాజు వున్నాడు. కోట లోపల రాజా రంగారావు. తెల్లవారుతూనే మొదలైన పోరు మధ్యాహ్నం దాటేసరికి తేలిపోయింది. రంగారావు నేలకొరిగాడు. రాజాంలో వుండిపోయిన తాండ్ర పాపారాయుడికి కబురు ఆలస్యంగా అందిందంటారు. మూడో రాత్రి విజయరామరాజు తన గుడారంలోనే కత్తిపోట్లకి గురై పోయాడు. మా మావయ్య గుడారం పరాచికం వెనకాల వున్న కథ ఇదీ.

ఇంతకీ ఇప్పుడీ యుద్ధం మా ఇంట్లోకి ఎందుకు వచ్చిందంటే, పిల్లల పుస్తకాలు వేసే ఒకాయన పోయిన వేసవిలో నాకు ఫోన్ చేశారు. "మన ప్రాంతంలో జరిగిన ఏదైనా యుద్ధం మీద పది, పన్నెండేళ్ళ పిల్లలకి ఒక నవల రాసివ్వండి. 120 పేజీలు చాలు" అన్నారు. నేను పదిహేనేళ్ళుగా నవలలు రాస్తున్నాను. నా నవలల్లో అత్తాకోడళ్ళ యుద్ధాలు తప్ప వేరే యుద్ధాలుండవు. బి.ఏ.లో చరిత్ర చదివిన మాట నిజమే గాని, అది ఎంతవరకు వచ్చిందో పరీక్ష పేపర్లు దిద్దినవాళ్ళకి తెలియాలి. అయినా పిల్లల నవలే కదా, ఎంతసేపు అనుకుని "సరే" అనేశాను. పిల్లలకి రాయడం తేలికనుకున్న వాళ్ళకి పిల్లలే బుద్ధి చెబుతారని అప్పటికి నాకు తెలీదు.

నెలరోజుల్లో పది ప్రకరణాలు రాసిపారేశాను. శౌర్యం, పరువు, ద్రోహం, పగ - ఈ నాలుగు గుంజల మీద పందిరి వేశాను. రంగారావుకి పౌరుషం, పాపారాయుడికి మీసం, బుస్సీకి టోపీ, విజయరామరాజుకి ఒక వంకర నవ్వు పెట్టాను. పుట్టింటి వాళ్ళని తలుచుకుని ఆ నవ్వు కాస్త తగ్గించాను గాని, పూర్తిగా తీసెయ్యడానికి మెట్టినింటి అభిమానం ఒప్పుకోలేదు.

మా అమ్మాయికి పదకొండేళ్ళు. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చోబెట్టి మూడు ప్రకరణాలు చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నది. చివర్న, "బావుందమ్మా. సినిమాలాగే వుంది" అంది. పొగిడిందో తిట్టిందో అర్థం కాలేదు. ఈ కథ మీద 1964లో 'బొబ్బిలి యుద్ధం', 1986లో 'తాండ్ర పాపారాయుడు' సినిమాలు వచ్చాయి. రెండూ వాళ్ళ నాన్న పక్కన కూర్చుని చూసిన పిల్ల అది. "మరి ఇంకేం కావాలే?" అన్నాను.

"ఇందులో పిల్లలేరీ?" అంది.

నేను కాగితాలు తిరగేశాను. నిజమే. పదో ప్రకరణం దాకా పద్నాలుగేళ్ళ లోపు మనిషి ఒక్కడూ లేడు. పిల్లల నవలలో గుర్రాలున్నాయి, ఏనుగులున్నాయి, పిల్లలు లేరు!

ఆ రాత్రి నా పుస్తకాల బీరువా ముందు కూర్చున్నాను. యుద్ధాల మీద పిల్లల కోసం రాసిన పరదేశపు నవలలు రెండు మూడు నా దగ్గరున్నాయి. జూడిత్ కెర్ అనే ఆవిడ 1971లో రాసిన నవల ఒకటి. హిట్లరు గద్దెనెక్కిన 1933లో బెర్లిన్ వదిలి పారిపోయిన కుటుంబం ఆవిడది. నవలలో తొమ్మిదేళ్ళ అన్నా అనే పిల్లని, ఒకే ఒక్క బొమ్మ పట్టుకెళ్ళమంటారు. ఆ పిల్ల కొత్తగా వచ్చిన కుక్కబొమ్మని పట్టుకెళ్ళి, పాత గులాబిరంగు కుందేలుని వదిలేస్తుంది. ఆ తరవాత నవలంతా ఆ కుందేలు బెంగే. ఫిరంగి ఒక్కటీ పేలదు. అయినా యుద్ధమంటే ఏమిటో ఆ కుందేలు చెప్పినట్టు నా పదిమంది సేనాపతులూ చెప్పలేకపోయారు.

అది చదువుతుంటే మా అమ్మమ్మ జ్ఞాపకం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపానువాళ్ళు విశాఖపట్నం మీద బాంబులు వేశారు. అప్పటికి అమ్మమ్మకి పదేళ్ళు. పట్నం వదిలి మూటాముల్లెలతో వచ్చినవాళ్ళలో ఒక కుటుంబం విజయనగరంలో వీళ్ళ వీధరుగు మీద దిగిందట. బాంబుల గురించి అమ్మమ్మ ఎప్పుడూ చెప్పలేదు. ఆ కుటుంబంలోని కుర్రవాడు ఖాళీ చిలక పంజరం పట్టుకొచ్చాడనీ, తలుపు తెరిచి చిలకని ఎగరేసి, పంజరం మాత్రం వదలలేక తెచ్చాడనీ చెప్పేది. "రోజూ పంజరంలో గింజలు పోసేవాడే పిచ్చి సన్నాసి" అని కళ్ళు తుడుచుకునేది. అమ్మమ్మ పోయి చాలా కాలమైంది. ఆవిడ చెప్పిన యుద్ధంలో నాకు మిగిలింది ఆ పంజరమే.

పది ప్రకరణాలూ పక్కన పెట్టేశాను. ఈసారి కోటలో ఒక చాకలి పిల్లని పుట్టించాను. పేరు అప్పలి. వయసు, మా అమ్మాయికెంతో అంతే. పేర్లు చరిత్రకెక్కినవాళ్ళంతా రాజులూ, రాజబంధువులూ గదా! వాళ్ళ బట్టలు వుతికినవాళ్ళ పిల్ల కూడా ఆ మట్టిగోడల మధ్యనే తిరిగి వుంటుంది. అప్పలికి ఒక మేకపిల్లని ఇచ్చాను. రాజుగారి చంటి కొడుకుని ఎత్తుకు తిప్పే పని ఇచ్చాను. మాటలు మాత్రం మా అత్తగారి దగ్గర అరువు తెచ్చుకున్నాను. ఆవిడది బొబ్బిలి పక్క పల్లె. "ఏటి సేస్తున్నావు గుంటా" అనకపోతే ఆవిడకి పొద్దుపోదు. 1757లో చాకలి పిల్ల పుస్తకాల తెలుగు మాట్లాడిందంటే నమ్మడానికి మా అమ్మాయేమీ అమాయకురాలు కాదు.

అప్పలి వచ్చాక కథ పరుగెత్తింది. మా అమ్మాయి బడినించి వస్తూనే, "ఇవాళ అప్పలి ఏం చేసింది?" అని అడిగేది. నా నవలల కోసం ఇంత ఆత్రపడిన పాఠకురాలు నాకింతవరకు దొరకలేదు. అలా పరుగెత్తుతూ పరుగెత్తుతూ జనవరి 24వ తేదీ మధ్యాహ్నం దగ్గరికొచ్చి ఆగిపోయాను.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో మా వైపు అందరికీ తెలుసు. కోట ఇంక నిలవదని తేలిపోయాక, శత్రువు చేతికి చిక్కకూడదని తమ ఆడవాళ్ళనీ, పిల్లల్నీ తమ చేతులతోనే చంపేసి, ఇళ్ళకి నిప్పంటించి, అప్పుడు చివరి పోరుకి వెళ్ళారు. మొదటిసారి రాసినప్పుడు నేను ఈ ఘట్టాన్ని ఒక్క వాక్యంలో దాటేశాను. "స్త్రీలూ బాలలూ వీరస్వర్గం అలంకరించారు" అని రాసి, చుక్క పెట్టి, ఫిరంగుల దగ్గరికి వెళ్ళిపోయాను. ఇప్పుడలా కుదరదు. కోటలో అప్పలి వుంది. చంకలో చంటివాడున్నాడు. వీధినిండా వాళ్ళతో ఆడుకున్న పిల్లలున్నారు. వాళ్ళందరికీ నేనే పేర్లు పెట్టాను.

రెండు రోజులు ఏమీ రాయలేదు. మూడోరోజు మా అమ్మాయి నిలదీస్తే జరిగింది జరిగినట్టు చెప్పేశాను. తప్పు చేశానేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. అది చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "వాళ్ళని అడిగారా?" అంది.

"ఎవర్ని?"

"చంపేముందు... ఆ పిల్లల్ని."

నా దగ్గర జవాబు లేదు. రాత్రి భోజనాలయ్యాక మావారు పేపరు చూసుకుంటున్నారు. ఇది వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నిలబడింది. "నాన్నా, యుద్ధం వస్తే నువ్వు కూడా మమ్మల్ని అలాగే చేస్తావా?" అంది.

మావారికి బొబ్బిలి అంటే ప్రాణం. చుట్టాలెవరొచ్చినా యుద్ధ స్తంభం దగ్గరికి తీసికెళ్ళి గంటసేపు కథ చెప్పందే అన్నం పెట్టనివ్వరు. ఆ మనిషి పేపరు మడిచి, విప్పి, మళ్ళీ మడిచారు. "ఛ, అవేం మాటలు? పడుకో పో" అన్నారు. గొంతు ఆయన గొంతులా లేదు. ఆ రాత్రి అది నా పక్కన పడుకోలేదు, వాళ్ళ నాన్న పక్కనా పడుకోలేదు. వాళ్ళ నానమ్మ దుప్పట్లో దూరింది.

మర్నాడు పుస్తకాలాయనకి ఫోన్ చేశాను. "ఆ ఘట్టం తీసెయ్యండమ్మా. పిల్లలు జడుసుకుంటారు" అన్నారు. ఆయన చెప్పింది కొట్టిపారెయ్యడానికి లేదు. లోయిస్ లౌరీ అనే అమెరికా రచయిత్రి 1989లో రాసిన నవల వుంది. 1943లో డెన్మార్కు ప్రజలు తమ దేశంలోని 7,000 మందికి పైగా యూదుల్ని పడవల్లో స్వీడన్‌కి దాటించారు. ఆ కథ అది. అందులో ఆనెమేరీ అనే పదేళ్ళ పిల్లకి పెద్దవాళ్ళు అన్ని సంగతులూ చెప్పరు. తెలియనప్పుడు ధైర్యంగా వుండడం సులువని వాళ్ళ మేనమామ ఉద్దేశం. కాని ఆ పిల్ల తనే పసిగడుతుంది. అడిగేస్తుంది. అడిగాక ఆ మేనమామ అబద్ధం చెప్పడు. అడగనప్పుడు చెప్పకపోవడం వేరు, అడిగాక దాచడం వేరు. మా అమ్మాయి అడిగేసింది.

పోనీ, చంపడం గొప్పని రాద్దామా? మనం వందల ఏళ్ళుగా రాస్తున్నదీ, పాడుతున్నదీ అదే. చంపినవాళ్ళు రాక్షసులని రాద్దామా? ఆ తండ్రుల చేతులు ఎంత వణికాయో నాకేం తెలుసు? శత్రువుల చేతిలో పడితే ఏమవుతుందో వాళ్ళు చూసే వుంటారు. ఎటు రాసినా అబద్ధమే అవుతుందనిపించింది.

దారి చూపించినావిడ మా అత్తగారు. సాయంత్రం పెరట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నారు. నేనూ ఒక చేట పుచ్చుకుని కూర్చున్నాను.

"పిల్ల రాత్రంతా ఉలికిపడతానే ఉంది. ఏటి సెప్పినావే దానికి?" అన్నారు.

"ఉన్నదే చెప్పాను అత్తయ్యా. బొబ్బిలి కోటలో పిల్లల సంగతి."

"మరి బతికినోడి సంగతి సెప్పినావేటి?"

నేను చెయ్యి ఆపేశాను.

"అందరూ సచ్చిపోతే మరి ఈ వంశం ఎక్కణ్ణించొచ్చిందే? ఎవులో ఒకలు ఆ గుంటణ్ణి ఎత్తుకొచ్చీనారు కదా. మా మామ్మ దాసీది ఎత్తుకెల్లిందనీది. కాదు ముసిలోడనీవోరు మా తాత. ఎవులైతేనేటి? రాజుగోరు సంపెయ్యమన్నారు. ఆలు సంపలేదు. మాట ఇన్లేదు. ఇన్లేదు కాబట్టే బతికినాడు" అన్నారు ఆవిడ, ఈనె పక్కన పారేస్తూ.

చదువుకున్నదాన్ని గదా, వెళ్ళి పుస్తకం తీశాను. ఈస్టిండియా కుంపిణీ చరిత్రకారుడు రాబర్ట్ అర్మ్, 1778లో అచ్చయిన తన చరిత్ర రెండో సంపుటంలో ఈ యుద్ధం రాశాడు. నేను దాన్ని నవల మొదలెట్టకముందే చదివాను. పెన్సిల్‌తో గీతలు కూడా గీశాను. అన్నీ ఫిరంగుల దగ్గరే. కోటలోకి అడుగుపెట్టిన ఫ్రెంచి అధికారి ముందుకి ఒక ముసలివాడు పసివాణ్ణి ఎత్తుకొచ్చి, వీడు రంగారావు కొడుకనీ, తండ్రి ఇష్టానికి ఎదురెళ్ళి కాపాడాననీ చెప్పినట్టు అక్కడే వుంది. ఆ వాక్యం కింద నా గీత లేదు. ముసలివాడి పేరు అర్మ్ కూడా రాయలేదు.

చూడండి చిత్రం! పాపారాయుడి పేరు మీద సినిమా వుంది. విజయరామరాజుని పొడిచిన పోట్లు 32 అని లెక్కుంది. మాట కాదని ఒక పసివాణ్ణి బతికించిన మనిషికి పేరు లేదు.

ఆ పసివాడే చినరంగారావు. అతని తరవాతి కథ కూడా పిల్లలకి చెప్పదగ్గదే. 1794 జులై 10న పద్మనాభం దగ్గర కుంపిణీ సైన్యం విజయనగరం మీద పడింది. ఆ వంశంలో తరవాతివాడైన చినవిజయరామరాజు ఆ పోరులో ప్రాణాలు విడిచాడు. ఆ పిమ్మట నడివయసు చినరంగారావుకి బొబ్బిలి జమీ తిరిగి దక్కింది. ముప్ఫై ఏడేళ్ళలో రెండు కోటలవాళ్ళూ చచ్చారు. మొదట ఫ్రెంచివాడి ఫిరంగులకి, తరవాత ఇంగ్లీషువాడి ఫిరంగులకి. నా నవలలో విజయరామరాజు వంకర నవ్వు ఆ రోజే పూర్తిగా కొట్టేశాను. అతన్ని మంచివాణ్ణి చెయ్యలేదు. పక్కవాడి మీద పంతంతో పరాయివాడి ఫిరంగులు తెచ్చుకున్న మనిషిగా వుంచాను. అలాంటివాళ్ళు పిల్లలకి బాగా అర్థమవుతారు. బడిలో రోజూ చూస్తూనే వుంటారు.

ఈ సంగతి మా అమ్మకి ఫోన్లో చెబితే సంతోషిస్తుందనుకున్నాను. "మన రాజుగారి సంగతి సరే. మరి పైడితల్లి ఏదీ?" అంది. మళ్ళీ నాలిక కరుచుకున్నాను. ప్రతి ఏడూ విజయదశమి దాటిన మంగళవారంనాడు విజయనగరంలో సిరిమానోత్సవం చూసినదాన్నే. ఆకాశాన్నంటే మాను చివర పూజారి కూర్చుని గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగితే, నాన్నగారి భుజాల మీదినించి అరటిపళ్ళు విసిరినదాన్నే. ఆ పైడితల్లి ఎవరు? మా వూళ్ళో చెప్పుకునే కథ ప్రకారం పెదవిజయరామరాజు చెల్లెలు. అన్నకి బొబ్బిలిలో ఆపద వుందని తెలిసి బయల్దేరింది, అన్న పోయాడని దారిలో విని ప్రాణం వదిలింది, పెద్దచెరువులో విగ్రహమై దొరికింది. గెలిచినవాళ్ళ వూళ్ళో కూడా మిగిలింది ఏడ్చిన ఆడపిల్లే. బొబ్బిలివాళ్ళు మల్లమ్మదేవిని తలుచుకుంటారు, మేం పైడితల్లికి మొక్కుతాం. ఇద్దర్నీ ఒకే పుస్తకంలో కూర్చోబెట్టినవాళ్ళు నాకెక్కడా కనబడలేదు. నేను కూర్చోబెట్టాను.

ఆ ఘట్టం తీసెయ్యలేదు. రెండు పేజీలు రాశాను. నెత్తురు లేదు. అప్పలి చెరువుగట్టున మేకని కట్టేసి వచ్చేసరికి వీధంతా పొగ. తలుపులు లోపల గడియ వేసి వున్నాయి. తనతో ఆడుకునే పిల్లల పేర్లు ఒక్కొక్కటీ పిలుస్తుంది, ఎవరూ పలకరు. అంతే. తరవాత ముసలి తాత వస్తాడు. "రాజుగోరి మాట దాటితే పాపం కాదేటి తాతా?" అని అడుగుతుంది అప్పలి. తాత జవాబు చెప్పడు. చంటివాణ్ణి పైపంచెలో చుట్టుకుని, "నువ్వూ రాయే" అంటాడు. నవల చివర ఒక పేజీలో ఏది జరిగిందో, ఏది నేను పుట్టించానో విడివిడిగా రాశాను. అప్పలి కల్పితమని రాస్తున్నప్పుడు మాత్రం మనసొప్పలేదు.

రాసింది ముందు మావారికి ఇచ్చాను. రాత్రి పదకొండింటి దాకా చదివారు. లేచి వెళ్ళి, నానమ్మ పక్కన పడుకున్న పిల్ల తల నిమిరారు. అది మెలకువగానే వున్నట్టుంది. "నేను ఆ తాతలాగే చేస్తానే" అన్నారు మెల్లిగా. "ఊఁ" అంది అది. అంతకంటే ఏమీ అనలేదు. మర్నాడు మాత్రం దిండు పట్టుకుని తన మంచం మీదికి తనే వచ్చేసింది.

ఇప్పుడు రాతప్రతి రెండిళ్ళ మధ్యా తిరుగుతోంది. "మీ అత్తగారి వూరి వాళ్ళనే వెనకేసుకొచ్చావు" అని అమ్మ నిష్ఠూరం. "పుట్టింటి రాజుని మా సక్కగా కాసుకొచ్చినావే" అని అత్తయ్య దెప్పిపొడుపు. ఇద్దరికీ సమానంగా కోపం వచ్చింది గనక నవల సరిగ్గానే వచ్చిందనుకుంటున్నాను. మా అమ్మాయి అభ్యంతరం ఒక్కటే మిగిలింది. మేకపిల్లని చెరువుగట్టున కట్టేసి అప్పలి వెళ్ళిపోయింది కదా, దాన్ని ఎవరు విప్పారని అడుగుతోంది. పుస్తకం అచ్చుకి వెళ్ళేలోపల ఆ మేకని విప్పాలి.